పర్శరాములు అరికాళ్లు

ఆ రోజు పొద్దున పర్శరాములు అనుకున్న పని చాలా చిన్నది. పరగడుపున తుమ్మలకుంటకు నడిచి పోవాలి, హన్మండ్లు అనే రైతు మెట్టచెల్కలో బావికి జాగ చూపించాలి, ఆ ఇంట్లో కడుపునిండా జొన్నరొట్టె తినాలి, పొద్దు నెత్తి మీదికి రాకముందే ఎల్లారెడ్డికి తిరిగొచ్చి ఇంట్లో పడుకోవాలి. ఒక ఊరికి ఊరినే తవ్వించాలన్న ఆలోచన అందులో ఎక్కడా లేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే తర్వాత తుమ్మలకుంట జనం అతని గురించి అనరాని మాటలు చాలా అన్నారు.

పర్శరాములు నేల కింద నీళ్లు చూసేవాడు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బాటకు అటూ ఇటూ ఉన్న మోటబావుల్లో సగానికి పైగా బావులకు గుర్తురాయి పెట్టింది అతడో, అతని తండ్రో. చేతిలో పంగలకర్ర ఒకటి ఉండేది కానీ అది చూసేవాళ్ల తృప్తి కోసం. అసలు పనంతా అరికాళ్లది. కింద నీళ్ల జాడ ఉంటే అతని అరికాలి గుంటలో చీమలు పాకినట్టు చల్లగా జివ్వుమనేది. ఆ జివ్వు పిక్కల్లోకి ఎక్కేది, వెన్నులో పాకేది, నోట్లో చింతకాయ కొరికినట్టు పుల్లటి నీళ్లు ఊరేవి. చివరికి ఎడమ కన్ను అదిరేది. కన్ను అదిరిన చోట ఆగి, "తవ్వుండ్రి" అనేవాడు. ఈ అరికాళ్ల కోసం అతడు పుట్టి బుద్ధెరిగిన తర్వాత చెప్పులు తొడగలేదు, చుక్క నూనె రాయనివ్వలేదు. పెండ్లిలో పారాణి పెట్టబోతే కాళ్లు వెనక్కి గుంజుకున్నాడని భార్య ఈరవ్వ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

అయితే పర్శరాములు ఎవరికీ చెప్పని ముచ్చట ఒకటుంది. ఏడాదిగా ఆ అరికాళ్లు పలకడం లేదు. ఎంత నడిచినా చీమలు లేవు, జివ్వు లేదు, పులుపు లేదు. ఎడమ కన్ను అదరడం మాట అటుంచి, కనీసం చెమ్మగిల్లడం లేదు. పుట్ట ఎక్కడుంది, ఉత్తరేణి ఎక్కడ గుబురుగా పెరిగింది అని కళ్లతో చూసుకుంటూ, కాళ్లతో కనిపెట్టినట్టు నటిస్తూ నెట్టుకొస్తున్నాడు. పోయిన ఎండకాలం మాచారెడ్డి దిక్కు చూపించిన బావిలో బండ తగిలింది తప్ప నీళ్లు తగలలేదు. ఒక్కసారికి జనం ఏమీ అనరు, పెద్దమనిషి కదా అని ఊరుకుంటారు. తుమ్మలకుంట బావి కూడా ఎండిపోతే ఇక ఎవరూ పిలవరు. పిలవకపోతే పోయె, కూలికి పోయి బతకొచ్చు. కానీ తండ్రి తన చేతిలో పెట్టిపోయింది తన కాళ్లలో చచ్చిపోయిందని ఎట్లా ఒప్పుకునేది? ఆ దిగులు అతన్ని లోపల్లోపల కోస్తూ ఉండేది.

ఈరవ్వ దగ్గర కూడా చెప్పని ముచ్చట ఒకటుంది. మొగుడి మడమల పగుళ్లు రంపపు పళ్లలా తయారయ్యాయి. ఆమె పాత చీరలన్నీ పోగేసి కుట్టుకున్న కొత్త బొంతను అవి పర్రున చింపాయి. అడిగితే ఒప్పుకోడని తెలుసు కాబట్టి ముందురోజు రాత్రి అతడు గుర్రుపెట్టి పడుకున్నప్పుడు నల్లజీడి గింజను దీపం మీద కాల్చి, కారిన నూనెను రెండు అరికాళ్లకూ దట్టంగా పట్టించింది. కాళ్ల పగుళ్లకు జీడినూనె పెట్టడం ఆ ఊళ్లల్లో అందరూ చేసేదే. కొందరి ఒంటికి అది పడుతుంది. పడనివాళ్లకు మర్నాటికి చర్మం మండి, పొక్కి, ఊడి వస్తుంది. పర్శరాములు ఒంటికి పడుతుందో పడదో ఆమెకు తెలియదు. ఇన్నేండ్ల కాపురంలో ఆ కాళ్లు ఆమెకు చిక్కింది అదొక్కసారే. అతని కాళ్లు ఎలాగూ నల్లగానే ఉంటాయి కనుక పొద్దున లేచాక అతనికీ ఏ తేడా కనిపించలేదు.

సీమలో, అంటే తెల్లదొరల దేశంలో, యుద్ధం లేచిందని కామారెడ్డి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు చెప్పుకున్న తర్వాత వచ్చిన మొదటి ఎండకాలం అది. వాగులన్నీ ఇసుక తేలి ఉన్నాయి. పర్శరాములు తుమ్మలకుంట చేరేసరికి హన్మండ్లు చెల్క ఒడ్డు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. పక్కన అతని భార్య సత్యమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని నిలబడింది. ఇంటికీ పసులకూ కావలసిన నీళ్లన్నీ ఆమె వాగు ఇసుకలో తవ్విన చెలిమెలోంచి తోడి మోస్తోంది. బావి అన్న మాట ఆ ఇంట్లో మొదట ఎత్తిందీ ఆమే.

"పర్శరాములన్నా, జెర మంచిగ సూడు. వాగుకు తిరిగి తిరిగి నా నడుము పడిపోయింది," అంది సత్యమ్మ.

"నా చేతుల ఏమున్నదమ్మా, అంత కాళ్లల్లనే ఉన్నది," అన్నాడు పర్శరాములు. ఎప్పుడూ అనే మాటే.

పంగలకర్ర ముందుకు పట్టుకుని నడక మొదలుపెట్టాడు. ఒడ్డు దాకా పోయాడు, ఏమీ లేదు. తిరిగి వచ్చాడు, ఏమీ లేదు. అలవాటు కొద్దీ కళ్లు పుట్టల కోసం వెతుకుతుండగా చెల్క నడుమ హఠాత్తుగా కుడి అరికాలు చురుక్కుమంది. ముల్లేమో అనుకుని కాలెత్తి చూశాడు. ముల్లు లేదు. ఎడమ కాలు పెట్టాడు, అదీ చురుక్కుమంది. ఏడాది తర్వాత కాళ్లు పలికాయి! కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాయనా, నీ విద్య పోలేదే," అని లోపలే అనుకున్నాడు.

కానీ నిలబడిన కొద్దీ అనుమానం వచ్చింది. ఇది చల్లని జివ్వు కాదు. మంట. పచ్చిమిరపకాయ రాసినట్టు మంట. నీళ్లు ఎప్పుడూ ఇలా పలకలేదు. అప్పుడు చిన్నప్పుడు తండ్రి చెప్పిన మాట ఒకటి గుర్తొచ్చింది. నీళ్లు చల్లగా పలుకుతాయి, పాతిపెట్టిన ధనం వేడిగా పలుకుతుంది అని. తండ్రి ఆ వేడిని ఎన్నడూ చూడలేదు, బహుశా పిల్లవాడిని నిద్రపుచ్చడానికి చెప్పి ఉంటాడు. కానీ ఏడాదిపాటు మూగబోయిన కాళ్లున్న మనిషికి తన విద్య చావలేదని, పైగా ఒక మెట్టు పైకెక్కిందని అనుకోవడం ఎంత హాయిగా ఉంటుందో మీరూ నేనూ ఊహించుకోవలసిందే.

"ఏంది, నీళ్లున్నయా?" అని అడిగాడు హన్మండ్లు.

"నీళ్లు కాదు," అన్నాడు పర్శరాములు నెమ్మదిగా. అబద్ధం చెప్పడం ఇష్టం లేదు, నిజం తెలియదు. "నీళ్లైతే సల్లగుంటది. ఇది మంట. కింద ఏమో ఉన్నది, వేడి మీదున్నది."

హన్మండ్లు నోట్లో చుట్ట ఆరిపోయింది. ధనానికి వేడి ఉంటుందన్న సంగతి ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలుసు. "జెర మెల్లగ," అని గుసగుసలాడాడు. అప్పటికే ఆలస్యమైంది. ఒడ్డుకు అవతల పండ్లు తోముకుంటున్న పక్క చెల్క కిష్టయ్య వేపపుల్ల పారేసి వచ్చి నిలబడ్డాడు.

"ఏమైంది హన్మండ్లూ?"

"ఏం లేదే కిష్టన్నా. పర్శరాములుకు ముల్లు గుచ్చుకున్నది."

"ఆయనకు ముల్లు గుచ్చుకుంటే నీకెందుకు చెమటలు పడుతున్నయ్?" అన్నాడు కిష్టయ్య.

ఆ రెండు కుటుంబాల మధ్య తండ్రుల కాలం నుంచీ ఒక తగాదా ఉంది. కిష్టయ్య తండ్రి నాగలి కర్రు ఒకటి పోయింది, హన్మండ్లు తండ్రే ఎత్తుకుపోయాడని వాళ్ల మాట. కర్రు తెచ్చిన కోపం కర్రు కన్నా ఎక్కువ కాలం బతికింది. కిష్టయ్య నేరుగా ఆ తగాదాలోకే దిగాడు. "ఈ ఒడ్డు అసలు గాడ ఉండేది. మీ నాయన దున్నినప్పుడల్ల ఇంతింత మా దిక్కు జరుపుకుంట వచ్చిండు. కర్రు ఎత్తుకపోయినోడు ఒడ్డు ఎత్తుకపోడా? ఆ మంటున్న జాగ మాది."

"కర్రు ముచ్చట తియ్యకు!" అని లేచాడు హన్మండ్లు.

"అయితే పర్శరాములు మా దిక్కు కూడ నడువాలె. మంట ఏడ ఎక్కువుంటే ఆడ తవ్వుదాం," అన్నాడు కిష్టయ్య.

పర్శరాములు ఒడ్డు దాటి అడుగు పెట్టాడు. అక్కడా మండింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కాసేపట్లో ఒడ్డుకు ఇటు ఒక గుంత, అటు ఒక గుంత మొదలయ్యాయి. సత్యమ్మ బిందె కింద పెట్టి, "నీళ్ల ముచ్చట ఏమైంది?" అని అడిగింది. ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు. రొట్టె చెయ్యడానికి ఇంటికి పోయింది.

గుంతలో మోకాలి లోతు దిగాక హన్మండ్లుకు ఒక ఆలోచన వచ్చింది. తన తాత ఉన్నవాడు. ఉన్నవాడు ధనాన్ని చెల్కలో ఎందుకు పెడతాడు, ఇంట్లో పెట్టుకుంటాడు గానీ? పర్శరాములును ఎవరూ చూడకుండా ఇంటికి తీసుకుపోయాడు. వసారాలో మండింది. అర్రలో మండింది. పొయ్యి దగ్గర మరీ మండింది, ఎందుకంటే అప్పుడే పొయ్యిలోంచి నిప్పులు తీసి పక్కకు నెట్టారు. హన్మండ్లు గడ్డపార ఎత్తాడు.

"నా పొయ్యి ముట్టినవంటే మంచిగుండదు!" అని సత్యమ్మ అరిచేలోపే పొయ్యి మూడు పెళ్లలైంది. పెనం మీది రొట్టె పోయి బూడిదలో పడింది. ఆ రొట్టె పర్శరాములు కోసం చేసిందే. అతడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

కిష్టయ్య ఊరుకునే మనిషి కాదు. "హన్మండ్లు ఇల్లు తవ్వుతున్నడు" అన్న మాటను బజారులో చాలా మంది చెవిన వేశాడు. మాలీ పటేలు సిద్ధిరాములు తలకు రుమాలు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని వచ్చేశాడు. భూమి శిస్తు చూసుకునే అధికారి కనుక భూమిలోపలిది కూడా తన పరిధేనని అతని నమ్మకం.

"భూమిల దొరికింది ఏదైన సర్కారుది. ఒక్కటి ముట్టినా జేలుకు పోతరు. తాలూకా కచేరీకి మనిషిని తోలిన, జవాను వస్తున్నడు," అని అందరూ వినేలా గట్టిగా చెప్పాడు. తర్వాత పర్శరాములు భుజం మీద చెయ్యి వేసి పక్కకు నడిపించి, గొంతు తగ్గించాడు. "మా కొట్టంల కూడ ఒక్కపాలి నడువు. ఊకెనే. ఏడ ఏమున్నదో సర్కారుకు ఎరుకుండాలె గద."

కొట్టంలో మండింది. సిద్ధిరాములు ఎడ్లను బయట కట్టేసి సర్కారు తరఫున తవ్వడం మొదలుపెట్టాడు.

ఇక ఊరిని ఎవరు ఆపగలరు! "మా అరుగు మీద ఒక్కసారి కాలు పెట్టు పర్శరాములన్నా," "మా గాదె కింద సూడవా," "మా అత్త సచ్చేటప్పుడు గీ మూలకు వేలు సూపింది" అని తలా ఒక చెయ్యి పట్టి లాగారు. పెద్దలు అతన్ని ఎప్పుడూ ఇంత మర్యాదగా పిలవలేదు. అతడు పోయిన చోటల్లా మండింది. మండిందని చెప్పిన చోటల్లా తవ్వారు. తుమ్మలకుంటలో ఆ రోజు వంట వండిన ఇల్లు లేదు. నేల నేలగా ఉన్న ఇల్లూ లేదు. హన్మవ్వ అనే ముసలామె గుడ్డిదీపం పెట్టుకునే గూడు కూడా కూల్చి, మన్ను జల్లించుకుంటూ కూర్చుంది.

దొరికింది ఒక్కటే. కిష్టయ్య చెల్కలో ఛాతీ లోతుకు పోయాక గడ్డపారకు ఖంగుమని ఇనుము తగిలింది. ఊరంతా అటు ఉరికింది. కిష్టయ్య చేతులతో మన్ను తోశాడు. తుప్పు పట్టిన నాగలి కర్రు బయటపడింది. తన తండ్రిది. తన చెల్కలోనే. హన్మండ్లు గుంత అంచున నిలబడి దాన్ని చూశాడు, కిష్టయ్యను చూశాడు, ఏమీ అనలేదు. ఏదన్నా అని ఉంటే కిష్టయ్యకు తేలికగా ఉండేది.

ఈలోగా పర్శరాములు సిద్ధిరాములు ఇంటి ముందర మంచం మీద కూలబడ్డాడు. కడుపు కాలుతోంది, కాళ్లు అంతకన్నా ఎక్కువ కాలుతున్నాయి. తవ్విపోసిన మట్టి కుప్పలను చూస్తుంటే మనసులో ఒక ప్రశ్న పుట్టింది. ఈ ఊరి కింద ఇంత ధనముంటే ఊరి మీద ఉన్నవాళ్లు ఇట్లెందుకున్నారు? చిరిగిన పంచెలు, మట్టి గోడలు, వాగు చెలిమె నీళ్లు. ధనం మరీ ఇంత మొహమాటపడుతుందా? రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తి మంచం మీద పెట్టుకున్నాడు. మంట తగ్గలేదు.

"మంచం మీద కూడ మండుతున్నది," అన్నాడు అయోమయంగా.

"మంచం జరుపుండ్రి!" అని కేక వేశాడు సిద్ధిరాములు. పర్శరాములును మంచంతో సహా ఎత్తి పక్కన పెట్టి, ఉన్నచోట తవ్వారు.

అప్పుడే అతనికి తెలిసిపోయింది. నేలలో ఏమీ లేదు. మంట తన కాళ్లలోనే ఉంది. అంటే పొద్దున పలికింది విద్య కాదు, రోగం. ఏడాదిగా మోస్తున్న దిగులు ఇప్పుడు రెండింతలై మీద పడింది. నోరు తెరిచి చెప్పాలి. చెబితే నాయన విద్య లేదని తానే ఊరి నడుమ దండోరా వేసినట్టు. ఆ మాట బయటికి రాకపోయేసరికి మరి కొన్ని ఇండ్ల నేలలు పోయాయి.

కచేరీ నుంచి జవాను యాకూబు గొడుగు పట్టుకుని వచ్చాడు. "ధనం ఏడున్నది?" అని అడిగాడు. జనం తలా ఒక దిక్కు చూపించారు. యాకూబు అనుభవమున్నవాడు. అన్నింటిలోకీ మొదట తవ్విన గుంత ఏదో కనుక్కుని, హన్మండ్లు చెల్కలో దాని అంచున గొడుగు వేసుకుని కూర్చున్నాడు. పర్శరాములును అక్కడికే పిలిపించాడు.

"హుకుం వచ్చేదాక ఈ గుంత సర్కారుది. ఎవ్వరు దిగొద్దు. పర్శరాములూ, నువ్వు సాయంత్రం నాతోటి కచేరీకి రావాలె. సాబ్ అడుగుతరు, ఏం మండింది, ఎందుకు మండింది, అంత చెప్పాలె," అన్నాడు.

కచేరీ మాట వినగానే పర్శరాములుకు మిగిలిన కాస్త ఓర్పూ పోయింది. నడివేసవి మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా ఉంది, అరికాళ్లు పొక్కి ఉబ్బాయి. పంగలకర్ర పారేసి ఒక్క పరుగు తీశాడు. ఎక్కడికని కాదు, చల్లగా ఎక్కడుంటే అక్కడికి. తుమ్మ చెట్టు నీడకు పోయాడు, ముండ్లు. గడ్డివాము మీద కాలు పెట్టాడు, మంట మీద దురద. పసుల తొట్టిలో దిగుదామంటే అది ఎండి బీటలు వారి ఉంది. కుంటుతూ, ఎగురుతూ, అమ్మా అయ్యా అనుకుంటూ హన్మండ్లు చెల్కలో పల్లపు మూలకు చేరి, అక్కడ ఠక్కున ఆగిపోయాడు.

అక్కడ నీడ లేదు. పుట్ట లేదు, ఉత్తరేణి లేదు, గడ్డిపోచ కూడా లేదు. కళ్లతో చూస్తే అది దేనికీ పనికిరాని జాగ. కానీ మంట ఆగింది. పూర్తిగా కాదు, తడిబట్ట చుట్టినట్టు కాస్త. ఒక అడుగు పక్కకు వేశాడు, మండింది. తిరిగి అక్కడికే వచ్చాడు, తగ్గింది. పర్శరాములు ఆ జాగలో కళ్లు మూసుకుని నిలబడిపోయాడు. ఇక ఏ హుకుం వచ్చినా కదలకూడదనుకున్నాడు.

"ఆగిండు! ఆగిండు! అసలుది గిదే!" అని అరుస్తూ గడ్డపారలతో ఊరంతా వచ్చి చుట్టూ మూగింది.

"ఈడ ఏం లేదు," అన్నాడు పర్శరాములు కళ్లు తెరవకుండానే. "ఈడ మంట లేదు."

జనం ముఖాలు వాడిపోయాయి. సరిగ్గా అప్పుడే ఎల్లారెడ్డి బాటలో వచ్చిన బండిలోంచి ఈరవ్వ దిగింది. ఆమె చేతిలో మడతపెట్టిన పెద్ద గోనెసంచి ఉంది. నీ మొగడు ధనం తీసిండట అని ఎల్లారెడ్డి అంగట్లో ఎవరో చెబితే, మొయ్యడానికి ఏమీ తీసుకుపోలేదు కదా అని సంచితో సహా బయలుదేరింది. మందిని తోసుకుంటూ వచ్చి, మొదట మొగుడి మొఖం చూసింది, తర్వాత కాళ్లు చూసింది. గోనెసంచి చేతిలోంచి జారిపోయింది.

"ఓ అవ్వో! జీడి పొక్కింది!"

"ఏం జీడి?" అన్నాడు పర్శరాములు.

"నీకు పడదని నాకేమెరుకనయ్యా! బొంత చింపినవని కోపమొచ్చి, పండుకున్నప్పుడు కాళ్లకు జీడినూనె పెట్టిన," అంటూ ఈరవ్వ నేల మీద కూలబడి తలకొట్టుకుంది.

తమ ఇండ్లల్లో ఉన్న గుంతలు ఒక్కొక్కరికీ కళ్ల ముందు ఆడాయి. ముందుగా సిద్ధిరాములు తేరుకున్నాడు. "నా కొట్టం! నా మంచం కింది జాగ! జీడినూనెకా?" హన్మండ్లు గడ్డపార ఎత్తి పట్టుకున్నాడు. "నా పొయ్యి కూలగొట్టిపిచ్చినవ్ గదరా!" "నీళ్లు సూడమంటే గిదా నువ్వు సూసింది!" "దొంగ విద్య!" అని తలా ఒక మాట మొదలైంది.

దొంగ విద్య అన్న మాట దగ్గర పర్శరాములు కళ్లు తెరిచాడు. "విద్య దొంగది కాదు," అన్నాడు. "మా నాయనది నిజమే. నాదే పోయింది. ఏడాది సంది నా కాళ్లు పలుకుత లేవు. పొద్దున మంట వస్తే, పోయింది మళ్ల వచ్చిందనుకున్న. సంతోషంల మతి పోయింది. అంతే, ఇంకేం లేదు."

తిట్టేవాళ్ల నోళ్లు కాస్త తగ్గాయి. ఈరవ్వ తల పైకెత్తి, "ఏడాది సందా? నాకొక మాట చెప్పకపోతివి," అంది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతను తట్టుకునేవాడు. తల వంచుకున్నాడు.

అప్పుడు సత్యమ్మ ముందుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఆమె ఒకటే అడుగుతోంది, ఎవరూ జవాబు చెప్పడం లేదు. ఇప్పుడు కూడా అదే అడిగింది, కానీ వేరే దారిలో.

"పర్శరాములన్నా, ఊరంత మండింది గద. మంచం మీద సుత మండింది. మరి ఈడ ఎందుకు మండుత లేదు?"

పర్శరాములు ఆమె ముఖం చూశాడు. తర్వాత తన కాళ్ల కింది నేల చూశాడు. మోకాళ్ల మీద వంగి అరచెయ్యి ఆనించాడు. చుట్టూ ఉన్న చెల్కంతా కుతకుత ఉడుకుతోంది, ఆ జానెడు జాగ మాత్రం పొయ్యి మీంచి దించి చాలాసేపైన కుండలా ఉంది. పుట్టిన దగ్గరి నుంచీ నేల తన కాళ్లలో ఏం పుట్టిస్తుందా అనే చూశాడు. ఉన్నదాన్ని నేల చల్లార్చడం కూడా పలకడమేనని ఎన్నడూ తోచలేదు.

"తవ్వుండ్రి," అన్నాడు. పాత అలవాటు మాటే. కానీ గొంతులో నటన లేదు.

ఎవరూ కదల్లేదు. నమ్మి నమ్మి ఆ రోజుకు వాళ్లు అలసిపోయి ఉన్నారు. సత్యమ్మ హన్మండ్లు చేతిలోంచి గడ్డపార గుంజుకుని తానే మొదటి పోటు వేసింది. రెండో మనిషి కిష్టయ్య. ఏమీ మాట్లాడకుండా పంచె ఎగగట్టి దిగి, హన్మండ్లు చెల్కలో మన్ను ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. అతను ఎందుకు దిగాడో హన్మండ్లుకు అర్థమైంది. అతనూ దిగాడు. మిగతావాళ్లకు ఇంటికి పోయి కూర్చుందామన్నా కూర్చునే నేల లేదు, అందుకని వాళ్లూ చెయ్యి కలిపారు. ఊళ్లోని గడ్డపారలూ పారలూ తట్టలన్నీ అప్పటికే అక్కడే ఉన్నాయి. అంత త్వరగా బావి తవ్వడం ఆ తాలూకాలో ఎవరూ చూడలేదు. పొద్దు వంగేసరికి మన్ను రంగు మారింది. పిడికిట్లో పడితే ముద్ద కట్టింది. సత్యమ్మ ఆ ముద్దను కొంగులో కట్టుకుని, ఎవరూ అడగకపోయినా అందరికీ చూపిస్తూ ఊరంతా తిరిగింది.

మరి కొద్ది రోజులకు బావిలో నీళ్లు మనిషి లోతు నిలిచాయి. తోడిన మొదటి చెంబు సత్యమ్మ యాకూబుకు ఇచ్చింది. గుంత దగ్గరి నుంచి లెమ్మన్న హుకుం అతనికి ఇంకా రాలేదు పాపం. పర్శరాములును కచేరీకి ఎవరూ తీసుకుపోలేదు. జీడినూనె ఏ ఖాతా కింద వస్తుందో సిద్ధిరాములుకు తెలియక, ఆ ముచ్చటే పైకి పంపలేదు.

ఎల్లారెడ్డిలో ఈరవ్వ రోజూ నువ్వులు నూరి, వెన్నలో కలిపి, మొగుడి అరికాళ్లకు పట్టు వేసింది. ఈసారి అతడు కాళ్లు వెనక్కి గుంజుకోలేదు. పొక్కులు ఆరాయి. ఆ తర్వాత చర్మం పెచ్చులు పెచ్చులుగా లేచి, మడమల పగుళ్లతో సహా, చెప్పులెరుగని నడకతో కట్టుకున్న గట్టి తోలంతా ఊడిపోయింది. కింద పసిపిల్లవాడి పాదంలాంటి లేత చర్మం బయటపడింది.

మొదటిసారి మంచం దిగి వాకిట్లో కాలు పెట్టిన రోజు పర్శరాములు నిలువునా ఆగిపోయాడు. ఇసుక రేణువు రేణువుగా తెలుస్తోంది. ఈరవ్వ పొద్దున చల్లిన కళ్లాపి తడి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలుస్తోంది. ఇన్నాళ్లూ పలకనిది నేల కాదు, మందమైపోయింది తన తోలు. మెల్లగా నడుచుకుంటూ పక్కింటి బావి దాకా పోయాడు. బావి ఇంకా కొంచెం దూరం ఉండగానే అరికాలి గుంటలో చల్లగా జివ్వుమంది. పిక్కల్లోకి ఎక్కింది. నోరు పుల్లబడింది. ఎడమ కన్ను ఒకటే అదురుడు.

"ఏమైందయ్యా, ఆడనే నిలబడ్డవ్?" అని వెనక నుంచి ఈరవ్వ గాబరాగా అడిగింది.

"చీమలు," అన్నాడు పర్శరాములు. కళ్లు తుడుచుకున్నాడు. "చీమలు వచ్చినయే."

మరుసటి ఎండకాలం పిట్లం నుంచి రైతులు బండి కట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చారు. తుమ్మలకుంట బావి పేరు అంత దూరం పోయింది. ఎంత కరువొచ్చినా అందులో నీళ్లు తగ్గడం లేదట. వాళ్లు వాకిట్లో కూర్చుని, పర్శరాములు పాదాల వంక భక్తిగా చూస్తూ, "ఇంత విద్య నీకు ఎట్ల అబ్బింది పెద్దమనిషీ?" అని అడిగారు.

పర్శరాములు మీసం సవరించుకున్నాడు. "అంత మా నాయన పెట్టిన బిచ్చం," అన్నాడు.

లోపల ఈరవ్వ దగ్గింది.

"సగం," అన్నాడు పర్శరాములు.